ఇన్‌ఛార్జి స్కానర్

హద్దురాళ్ల సంరక్షణ శాఖ అనేది ఒకటుందని చాలామందికి తెలియదు. తెలియకపోవడం వల్ల వాళ్లకు గానీ శాఖకు గానీ వచ్చిన నష్టమేమీ లేదు. పొలాల గట్ల మీదా, ఊళ్ల పొలిమేరల్లోనూ పాతిన రాళ్లు పాతినచోటే ఉన్నాయా, పక్కవాడి చేలోకి నడిచి వెళ్లాయా అని కనిపెట్టి ఉండటం ఆ శాఖ పని. రాళ్లు మామూలుగా కదలవు కనుక శాఖ కూడా పెద్దగా కదిలేది కాదు.

ఆ శాఖ వారి అనకాపల్లి జిల్లా కార్యాలయంలో గౌరీశ్వరి జూనియర్ అసిస్టెంటు. మనిషి అనకాపల్లిలో, ప్రాణం పాలకొండలో. అక్కడ భర్త బడిపంతులు. కూతురు మోక్షిత అదే ఊళ్లో రెండో తరగతి. శనివారం సాయంత్రం బస్సెక్కి పోవడం, సోమవారం కోడి కూయకముందే బస్సెక్కి రావడం. ఒక్కసారి పాలకొండలో బస్సు దిగి, మళ్లీ ఎక్కకుండా ఉండిపోవాలన్నదే ఆమె కోరిక. నాలుగేళ్లుగా బదిలీ అడుగుతోంది. నాలుగేళ్లుగా బదిలీల మీద నిషేధం నడుస్తోంది.

ఇలా ఉండగా ఒక సోమవారం, ఒకే గంటలో రెండు ఉత్తర్వులు దిగాయి. ఇకమీదట కార్యాలయాల్లో కాగితం కనబడరాదనీ, వచ్చిన ప్రతి అర్జీని స్కాన్ చేసి కంప్యూటర్లోనే పైకి పంపాలనీ మొదటిది. కంప్యూటర్లన్నిటిలోనూ లినక్స్ అనే స్వేచ్ఛా విధానం పెట్టాలని రెండోది. "ఎవరికీ బానిస కాని, ఎవరి దయాదాక్షిణ్యాలపైనా ఆధారపడని వ్యవస్థ" అని అందులో రాశారు. రెండూ మంచి ఉత్తర్వులే. పెళ్లికొడుకూ మంచివాడే, పెళ్లికూతురూ మంచిదే. ఇద్దరికీ జాతకాలు కుదిరాయా అని మాత్రం ఎవరూ చూడలేదు.

ఆ రోజే లినక్స్ పెట్టిన కంప్యూటరుతో పాటు కొత్త స్కానరు వచ్చింది. సూపరింటెండెంటు సత్యానందం గారు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆయన రూల్సు పుస్తకం తెరవని రోజు లేదు, దాన్ని దాటి ఆలోచించిన రోజూ లేదు. గౌరీశ్వరి కంప్యూటరు ముందు కూర్చుని బొత్తాం నొక్కింది. తెర మీద ఒక అక్షరాల వరుస వచ్చింది.

"ఏమంటోందమ్మా?"

"స్కానర్ కనబడట్లేదంటోందండి."

సత్యానందం గారు స్కానరు వైపు చూశారు. దానికి ఎంత బొట్టు పెట్టారంటే రోడ్డు మీది వాళ్లకు కూడా కనబడుతోంది. "ఎదురుగా పెట్టుకుని కనబడలేదంటుందేమిటి! కొంచెం దగ్గరికి జరపండి," అన్నారు. జరిపారు. కిటికీ తలుపు తెరిచి వెలుతురు పెంచారు. కనబడలేదు. కంప్యూటరు తెర మీద నల్లగా, బొద్దుగా లినక్స్ వారి గుర్తు పెంగ్విన్ పక్షి బొమ్మ మాత్రం నిశ్చింతగా కూర్చుని ఉంది.

రెండ్రోజులకు కంపెనీ నుంచి ఇంజనీరు కొండలరావు వచ్చాడు. నడివయసు మనిషి, మాట పొదుపు. పది నిమిషాలు కీబోర్డు టకటకలాడించి, తేల్చి చెప్పాడు. "స్కానరు బాగానే ఉందండి. కంప్యూటరుకి కనబడుతోంది కూడా. గౌరీశ్వరి మేడమ్ లాగిన్‌కే దాన్ని ముట్టుకునే అనుమతి లేదు."

"అనుమతి ఎవరివ్వాలి?"

"రూట్ ఇవ్వాలండి. లినక్స్‌లో అందరికంటే పెద్ద లాగిన్ అదే. దాని పాస్‌వర్డు చెబితే ఒక్క లైను ఆజ్ఞ కొడతాను. అర నిమిషం పని."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. అయితే సత్యానందం గారి ముఖం ఇదంతా విని విప్పారింది. "చూశారా! కిందివాడు పైవాడి అనుమతి లేకుండా వస్తువు ముట్టుకోకూడదు. ఎవరు రాశారో గానీ, మన ఆఫీసులో పనిచేసి రాసినట్టుంది."

"పాస్‌వర్డు చెప్పండి మరి," అన్నాడు కొండలరావు.

"మన ఇనప్పెట్టె రెండో తాళంచెవి ఎక్కడుంటుంది? సీలు వేసిన కవరులో, ట్రెజరీ వారి దగ్గర. అంతకంటే రహస్యమైన పాస్‌వర్డు మన దగ్గరుంటే రూలొప్పుతుందా? కంప్యూటరు పెట్టినాయన కవరులో పెట్టిచ్చాడు. నేను కూడా చూడకుండా లక్క వేసి ట్రెజరీకి పంపించేశాను."

"తెప్పించండి."

"డిప్యూటీ డైరెక్టరు గారి సంతకంతో లేఖ పంపాలి."

"పంపండి."

"నిన్నటి నుంచి ట్రెజరీ వారు కాగితం తీసుకోవడం లేదయ్యా. లేఖ స్కాన్ చేసి పంపమంటున్నారు."

కొండలరావు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. అదేమీ తేడా తేలేదు. ఆ ఒక్క లైనూ చీటీ మీద రాసి గౌరీశ్వరి చేతిలో పెట్టాడు. "ఎప్పుడైనా పాస్‌వర్డు దొరికితే ఇది ఉన్నదున్నట్టు కొట్టండి మేడమ్," అని చెప్పి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆమె ఆ చీటీని పర్సులో, కూతురి ఫొటో వెనక దాచుకుంది.

నెలాఖరుకు రాష్ట్రంలో ఏ జిల్లా ఎన్ని అర్జీలు స్కాన్ చేసిందో జాబితా వచ్చింది. అనకాపల్లి సున్నా. డిప్యూటీ డైరెక్టరు ఉమామహేశ్వర్ గారు సమావేశం పెట్టారు. ఆయన ఇంట్లో ఉప్పు అందుకోమనడానికి కూడా ఉత్తర్వు భాష వాడతారని చెప్పుకునేవారు. "సాంకేతిక అవరోధములను మానవ వనరులతో అధిగమించుట ఎట్లు?" అని అడిగారు. సత్యానందం గారు లేచారు.

"సార్, తహసీల్దారు సెలవు పెడితే డిప్యూటీ తహసీల్దారుకి పూర్తి అదనపు బాధ్యతలిస్తాం. హెడ్మాస్టరు పోస్టు ఖాళీ అయితే సీనియర్ టీచరు ఇన్‌ఛార్జి. ఏ సీటు ఖాళీ పడ్డా పని ఆగకూడదని కదండీ రూలు! స్కానరు పనిచేయడం లేదంటే దాని సీటు ఖాళీగా ఉన్నట్టే లెక్క. పక్క సీటు వారికి ఇన్‌ఛార్జి ఇచ్చేద్దాం."

స్కానరు పక్క సీటు గౌరీశ్వరిది.

సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. 'శ్రీమతి గౌరీశ్వరి, జూనియర్ అసిస్టెంటు, తమ విధులకు భంగము వాటిల్లకుండా, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు స్కానర్ యొక్క పూర్తి అదనపు బాధ్యతలు నిర్వహించవలెను.' ఆమె రెండుసార్లు చదివి, "అంటే నేనేం చేయాలండీ?" అని అడిగింది.

"స్కానరు ఏం చేస్తుంది? కాగితం చూస్తుంది, ఉన్నదున్నట్టు కంప్యూటర్లోకి దించుతుంది. మీరూ అదే చేయండి," అన్నారు సత్యానందం గారు.

మొదటి అర్జీ సీమునాయుడనే రైతుది. "అమ్మా, మా గట్టురాయిని పక్కోడు పీకీసి, ఆడి పెరట్లో బట్టలుతుక్కోడానికి ఏసీసుకున్నాడు. ఏటి సేత్తారో మీ ఇష్టం," అని ఎదురుగా బెంచీ మీద చతికిలబడ్డాడు. గౌరీశ్వరి అర్జీ అంతా టైపు చేసింది, కింద వేలిముద్రను మౌసుతో గీతగీతా గీసింది. గంటన్నర పట్టింది. ఉమామహేశ్వర్ గారు కాగితాన్నీ తెరనూ పోల్చి చూశారు. "అసలులో కుడివైపున పకోడీ నూనె మరక గలదు. నకలులో లేదు. ఇది స్కాన్ ఎట్లగును?" అన్నారు. ఆమె వెనక్కొచ్చి మరక కూడా గీసింది. మూడో రోజుకు టీ మరకకూ, చెమట మరకకూ వేరే రంగులు కలపడం వచ్చేసింది. మనిషన్నాక ఏ పనైనా చేతికి అలవాటవుతుంది, అదే వచ్చిన చిక్కు.

రెండు నెలలకు హెడ్డాఫీసు నుంచి అభినందన వచ్చింది. 'మీ స్కానర్ మరకలను సైతము సుస్పష్టముగా గ్రహించుచున్నది. తయారీ సంవత్సరము, సీరియల్ నంబరు తెలుపవలెను.' తెలపకపోతే తప్పు, అబద్ధం చెబితే పెద్ద తప్పు. సత్యానందం గారు తయారీ సంవత్సరం దగ్గర ఆమె పుట్టిన 1991 అనీ, సీరియల్ నంబరు దగ్గర ఆమె ఉద్యోగి నంబరూ రాసి పంపారు. పంపాక ఆయనకు ఇంకో సంగతి తట్టింది. స్టాకు రిజిస్టరులో లేని పరికరం గురించి పైకి రాయడం ఆడిటు అభ్యంతరం. వెంటనే రిజిస్టరు తీసి, కుర్చీలు పద్నాలుగు, బీరువాలు మూడు అన్న వరుస కింద 'ఇన్‌ఛార్జి స్కానర్ - ఒకటి - పనిచేయు స్థితి' అని ఎక్కించారు. ఫ్యాన్ల మీద అంటించే నంబరు చీటీ ఒకటి ఆమె మెడలోని గుర్తింపు కార్డు మీద అంటించారు.

అక్కడి నుంచి గోరుచుట్టు మీద రోకటిపోట్లు మొదలయ్యాయి. ఆమె సెలవు చీటీ పెడితే, "వస్తువుకి క్యాజువల్ లీవు ఏ రూలు కింద ఇవ్వమంటారు?" అని నిజంగానే బాధపడుతూ అడిగారు సత్యానందం గారు. ఆయన చెడ్డవాడు కాదు. యంత్రం వేడెక్కడానికి వ్యవధి ఇవ్వాలని కంపెనీ పుస్తకంలో ఉందని చెప్పి, రోజుకు రెండుసార్లు టీ ఇప్పించారు. కానీ రిజిస్టరులో ఉన్న వస్తువు గేటు దాటాలంటే గేటుపాసు ఉండాలి. రోజూ సాయంత్రం ఆయనే రాసిచ్చేవారు. 'స్కానర్ - 1. తిరిగి రావలసినది. పట్టణ పరిధి దాటరాదు.'

పట్టణ పరిధి దాటకుండా పాలకొండ వెళ్లే దారి ఎవరూ వేయలేదు. శనివారం బస్సు ఆమె లేకుండానే పోయింది. ఆ తర్వాతి శనివారమూ పోయింది.

ఆ రెండు ఉత్తర్వులూ దిగి ఏడాది నిండేసరికి దసరా వచ్చింది. మోక్షిత వాళ్ల బళ్లో వేషాలు, దానికి దుర్గమ్మ వేషం. "సీర నువ్వే కట్టాలమ్మా," అని పది రోజుల నుంచి ఫోన్లో ఒకటే పాట. కానీ ఆయుధ పూజ నాడు ఆఫీసులోని పరికరాలన్నీ ఎక్కడివక్కడ ఉండాలి. జీపుకు నిమ్మకాయలు కట్టారు, బీరువాలకు బొట్లు పెట్టారు, పని చేయని ఆ స్కానరుకు కూడా దండ వేశారు. తర్వాత సత్యానందం గారు చెప్పులు విప్పి, గౌరీశ్వరి ముందు నిలబడి, భక్తిగా ఆమె నుదుట కుంకుమ పెట్టి, బల్ల మీద బంతిపూల దండ ఉంచి, హారతి తిప్పారు.

"ఇవాళ మీరేమీ ముట్టుకోకండమ్మా. పూజలో పెట్టిన వస్తువు వాడకూడదు."

వెళ్లనివ్వరు, పని చేయనివ్వరు. ఆమె బంతిపూల ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఫోను మోగింది.

"అమ్మా, నాన్న సీర కట్టినాడు. స్టేజీ మీద ఊడిపోయింది. అందరూ నవ్వీసారు."

"నువ్వేం చేశావురా?"

"సూలం పట్టుకుని అలాగే నిల్సున్నాను."

గౌరీశ్వరి ఫోను బంతిపూల పక్కన పెట్టి ఏడ్చేసింది. ఆఫీసులో చేరిన తర్వాత ఆమె అక్కడ ఏడవడం అదే మొదటిసారి. పక్కన ప్రసాదం పంచుతున్న అటెండరు చూసి, "పొగ కళ్లల్లో పడిందామ్మా?" అన్నాడు. అవునంది. ఏడుస్తూనే గట్టిగా అనుకుంది, ఎలాగైనా ఈ స్కానరు ఉద్యోగం వదిలించుకోవాలని. వదిలించుకోవాలంటే అసలు స్కానరు లేచి కూర్చోవాలి. అది లేవాలంటే ట్రెజరీలోని కవరు రావాలి.

పండగ వెళ్లగానే డిప్యూటీ డైరెక్టరు గారిని అడిగింది. ఇప్పుడు లేఖను తానే స్కాన్ చేయగలదు కదా, సంతకం పెడితే చాలునంది. ఆయన నవ్వారు. "మన జిల్లా ప్రస్తుతము ప్రథమ స్థానమున గలదు. పనిచేయుచున్న స్కానర్ ఉండగా పనిచేయని దానిపై శ్రమ ఎందులకు?"

ఆమె ఇంటికెళ్లి ఆలోచించింది. ఆ ఆఫీసులో మనిషి మాట ఎవరూ వినరు. రూలు మాట మాత్రం కాదనలేరు. సత్యానందం గారు భోజనానికి వెళ్లినప్పుడు ఆయన పుస్తకం తీసి, మూడు మధ్యాహ్నాలు వెతికింది. నాలుగో రోజు ఆయన క్యారియరు మూత పెడుతుండగా పక్కన నిలబడింది.

"ఏమండీ, ట్రెజరీలో దాచిన సీలు కవర్లు ఏడాదికోసారి తెప్పించి, విప్పి సరిచూసి, మళ్లీ సీలు వేసి పంపాలని రూలుందటండీ, నిజమేనా?"

సత్యానందం గారి చేయి క్యారియరు మీదే ఆగిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన మరచిన రూలు అదొక్కటే. "ఏడాది దాటి ఎన్నాళ్లయింది?" అన్నారు నీరసంగా.

"పదకొండు రోజులండి."

ఆ మధ్యాహ్నమే లేఖ తయారైంది. సంతకం అయింది. గౌరీశ్వరి దాన్ని లక్కముద్రతో సహా అరగంటలో తెర మీదికి దించేసింది, మరకలు లేవు కనుక. రెండ్రోజులకు కవరు వచ్చింది. అందరి సమక్షంలో సత్యానందం గారు విప్పారు. లోపల పది అంకెలున్న చీటీ. ఆఫీసు ఫోను నంబరు. గేటు బయట బోర్డు మీద అడుగెత్తు అంకెల్లో రాసి ఉన్నదే అది.

"సరిచూసుకున్నాం కనుక మళ్లీ సీలు వేద్దాం," అన్నారు సత్యానందం గారు.

"అది సరైన పాస్‌వర్డో కాదో కొట్టి చూడకుండా సరిచూసినట్టు ఎలా రాస్తామండీ?" అంది గౌరీశ్వరి. కూతురి ఫొటో వెనక నుంచి చీటీ తీసి, ఉన్నదున్నట్టు ఆ ఒక్క లైనూ కొట్టింది. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టింది. బొత్తాం నొక్కగానే స్కానరులో పచ్చదీపం వెలిగింది. ఎండిపోయిన దసరా దండ మెడలో ఉండగానే అది గుర్రుమని, బల్ల మీదున్న అర్జీని పదకొండు సెకన్లలో మింగి తెర మీద చూపించింది.

సంబరం ఒక పూట. మర్నాటికి సత్యానందం గారికి నిద్ర లేని కళ్లు. "ఈ ఆఫీసుకి మంజూరైంది ఒక్క స్కానరు. ఇప్పుడు పనిచేసేవి రెండున్నాయి. ఒకటి మిగులు. ఆడిటు వాళ్లు ఊరుకోరు."

"ఇన్‌ఛార్జి రద్దు చేసెయ్యండి," అంది ఆమె.

"అది హెడ్డాఫీసు చేతిలో ఉందమ్మా. మీ సీరియల్ నంబరు వాళ్ల దగ్గరుంది."

అప్పుడే ఆమె బుర్రలో దీపం వెలిగింది. పచ్చదే. "మిగులు వస్తువుని ఏం చేస్తారండీ?"

"అవసరమున్న ఆఫీసుకి పంపేస్తాం."

"దానికి నిషేధం ఉందా?"

"నిషేధం ఉద్యోగులకమ్మా. బల్లలకీ బీరువాలకీ నిషేధం ఎందుకుంటుంది? డిప్యూటీ డైరెక్టరు గారు వస్తువు పంపే చలానా మీద సంతకం పెడితే చాలు."

"పాలకొండ సబ్ ఆఫీసు వాళ్లు ఏడాదిగా స్కానరు కావాలని రాస్తున్నారు కదండీ."

సత్యానందం గారు రూల్సు పుస్తకం తీశారు. పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పారు. అడ్డు చెప్పే రూలు ఎక్కడా దొరకలేదు. దొరకనందుకు ఆయన సంతోషించారని గౌరీశ్వరి ఇప్పటికీ నమ్ముతుంది. నాలుగేళ్లుగా కదలని ఫైలు మూడు గంటల్లో కదిలింది. ఉమామహేశ్వర్ గారు 'ఏది పంపవలెను?' అని మాత్రం అడిగారట. కొత్తది ఉంచుకుని పాతది పంపడం ఆనవాయితీ కనుక, 1991 నాటి దాన్నే పంపమన్నారు. 'స్కానర్ - 1. పనిచేయు స్థితి. తీగలు లేవు.' సత్యానందం గారు చివరి గేటుపాసు తన చేత్తో రాశారు. 'తిరిగి రానక్కరలేనిది.'

ఆ రెండు మాటలూ ఆమె గేటు దగ్గర ఒకసారి, బస్టాండులో ఒకసారి చదువుకుంది. బస్సులో కండక్టరు చలానా అటూ ఇటూ తిప్పి, "అమ్మా, లగేజీ టిక్కెట్టా, మామూలు టిక్కెట్టా?" అన్నాడు.

పాలకొండ సబ్ ఆఫీసులో అధికారిణి ఆదిలక్ష్మి గారు చలానా చూసి, ఆమెను ఎగాదిగా చూసి, 'అందినది' అని సంతకం పెట్టారు. "బతికించారు. మాకిచ్చిన స్కానరు ఆ మూలనుంది. ఏడాదిగా కనబడట్లేదంటోంది. ఇంతకుముందు చేసినాయన దానితో వేగలేక పదవీ విరమణ చేశారు."

మూలన పసుపచ్చ గుడ్డ కప్పుకుని స్కానరు ఉంది. పక్కనే కంప్యూటరు, దాని తెర మీద అదే పక్షి. తెర అంచుకు ఎవరో ఎప్పుడో కాగితం ముక్క అంటించారు. 'రూట్ పాస్‌వర్డు' అని రాసి, కింద పాస్‌వర్డు కూడా రాసి పెట్టారు. ఇక్కడ సత్యానందం గారు లేరు. గౌరీశ్వరి గుడ్డ తీసింది, బొత్తాం నొక్కింది. కనబడలేదంది. పర్సు తెరిచి చీటీ తీసింది. అర నిమిషం పని.

ఎదురుగా బెంచీ మీద అర్జీ పట్టుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. కాగితం మీద పులుసు మరక ఇక్కడికే కనబడుతోంది. ఇది లేస్తే ఆమె పని పదకొండు సెకన్లలో అయిపోతుంది. ఇది లేస్తే ఈ ఆఫీసులోనూ స్కానర్లు రెండవుతాయి. ఒకటి మిగులవుతుంది.

గోడ అవతల బడి గంట కొట్టారు. కిటికీలోంచి చూస్తే, తెల్ల చొక్కాల గుంపులోంచి మోక్షిత సంచీ ఊపుకుంటూ, ఆఫీసు గేటు వైపే పరిగెత్తుకొస్తోంది. అమ్మ వచ్చిందని వాళ్ల నాన్న చెప్పి ఉంటాడు.

గౌరీశ్వరి చీటీ మడిచి ఫొటో వెనక పెట్టేసింది. గుడ్డ మళ్లీ స్కానరు మీద కప్పి, నాలుగు వైపులా అంచులు దోపింది. చీర కుచ్చిళ్లు దోపినంత గట్టిగా దోపింది, ఊడకుండా.

"ఏమైనా కనబడిందా?" అన్నారు లోపలి నుంచి ఆదిలక్ష్మి గారు.

"లేదండి," అంది గౌరీశ్వరి. ముసలామె వైపు తిరిగి, కళ్లలోకి చూడకుండా చేయి చాచింది. "ఇలా ఇయ్యి అమ్మా. ఓ గంటన్నర పడుతుంది, కూర్చో."